చింతగింజలూ బాహ్యకోణాలూ

ఫిబ్రవరి 2, ఆదివారం. సాయంత్రం 6:20

ఒక తీర్మానం చేశాను. తేదీ, వేళ సహా నమోదు చేస్తున్నాను. నమోదు కాని తీర్మానం విరామచిహ్నం లేని వాక్యం వంటిది. ఎక్కడ ఆగాలో దానికే తెలియదు.

పూర్వరంగం. నా మనుమరాలు విద్య ఎనిమిదో తరగతి. బహుభుజుల పాఠం మీద బడిలో పరీక్ష పెట్టారు. ఇరవైకి నాలుగు! ముప్ఫై నాలుగేళ్లు గణితం బోధించిన శంకర్‌రావు ఇంట్లో ఇరవైకి నాలుగు! ప్రతి సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు స్వయంగా నేనే కూర్చోబెట్టి చెబుతున్నాను కదా, ఈ ఘోరం ఎలా సంభవించింది?

కోడలు సీమ విద్య నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పరిచింది. అన్నీ సరైన జవాబులే. చేతిరాత నాది.

“చూసిండ్రా మామా? లెక్కలన్నీ మీరే చేస్తున్నరు. పరీక్ష మాత్రం పోరి రాస్తాంది.”

నోట్‌బుక్కు మూసి పక్కన పెట్టాను.

“పన్నెండో తారీఖు మళ్ల పెడ్తరంట పరీక్ష. నేనైతే ట్యూషన్‌ల ఏస్తా. సాయంత్రం అయిదింటికే.”

ఐదింటికే! అది నా గంట. తక్కిన ఇరవై మూడు గంటలూ నేను పాలప్యాకెట్లు తెచ్చే ముసలివాణ్ని. ఆ ఒక్క గంట మాత్రం ఉపాధ్యాయుణ్ని. దాన్ని ఊరకే వదులుకుంటానా?

పది రోజుల గడువు అడిగాను. సీమ ఇచ్చింది. నా తీర్మానం ఇది:

చెప్పను. అడుగుతాను మాత్రమే.

జవాబు విద్య నోటి నుంచే రావాలి. దిద్దను. అందుకోను. పెన్సిలు ముట్టుకోను.

శిక్షాస్మృతిని నా ధర్మపత్ని సుమిత్రాబాయి రచించింది. వంటింటి గడప మీద ఒక స్టీలు గ్లాసు. పక్కన దోసెడు చింతగింజలు. జవాబు చెబితే ఒక గింజ. మాట దిద్దితే ఒక గింజ. ‘మా కాలంలో’ అంటే రెండు. పది రోజుల్లో పది గింజలు దాటితే విద్య ట్యూషనుకు పోతుంది.

“పది సాలయా సారూ? ఇంకో గిన్నె తేవాల్నా?” అన్నది సుమిత్ర.

పది అక్కరే లేదు. మూడు మిగులుతాయి. రాసిపెట్టుకోవచ్చు. రాశాను.


ఫిబ్రవరి 3, సోమవారం. మొదటి రోజు

ఉదయం 5:30. అద్భుతమైన ఉత్సాహం. మౌనసాధన కోసం నోట్లో లవంగం.

సాయంత్రం 5:00. అడిగాను: “బాహ్యకోణం అంటే ఏమిటి?”

5:01. విద్య ఆలోచిస్తోంది.

5:04. ఇంకా ఆలోచిస్తోంది. నాలుగు నిమిషాలు ఇంత పొడవుంటాయని నాకెవరూ చెప్పలేదు.

5:09. “తెల్వదు తాతా,” అన్నది.

లవంగం కొరికాను. “ఒక త్రిభుజం గీసి చూస్తావా?” అని అడిగాను. గీసింది. మూడు భుజాలూ సమానం. లోపలి కోణాలన్నీ అరవై అని తానే రాసింది! నేను చెప్పలేదు!

6:00. గింజలు: సున్నా. ఎంత సులువు! ఈ పద్ధతిని ముప్ఫై నాలుగేళ్ల క్రితమే మొదలుపెట్టి ఉంటే నా కంఠం ఈపాటికి ఇంకా కోమలంగా ఉండేది.


ఫిబ్రవరి 4, మంగళవారం. రెండవ రోజు

5:12. ఉపద్రవం.

విద్య త్రిభుజం మూల దగ్గర, లోపలి అరవైని వదిలేసి, చుట్టూ పెద్ద చాపం గీసింది. “లోపల అరవై పోతే బయట ఎంతున్నదో అదే బయటి కోణం. మూడు వందలు. కరెక్టే గదా తాతా?”

కరెక్టు కాదు. భుజాన్ని ముందుకు పొడిగించాలి. పొడిగించిన గీతకూ, పక్క భుజానికీ నడుమ ఉన్నదే బాహ్యకోణం. నూట ఇరవై. నూట ఇరవై! ఈ డైరీలో చెప్పడానికి గింజ లేదు కనుక మళ్లీ చెబుతున్నాను: నూట ఇరవై!

5:13. దగ్గాను.

ఠంగ్.

“ఇదేమి అన్యాయం? దగ్గుకు కూడానా?”

“గది ఉత్త దగ్గు కాదు మామా,” అన్నది సీమ వంటింట్లోంచి. “తప్పు పట్టే దగ్గు.”

గింజలు: 1. వివాదాస్పదం.


ఫిబ్రవరి 5, బుధవారం. మూడవ రోజు

విద్య తన తప్పుడు కోణాలను కూడుతోంది. త్రిభుజానికి మూడు మూడువందలు, తొమ్మిది వందలు. చతురస్రానికి నాలుగు రెండువందల డెబ్బైలు, వెయ్యీ ఎనభై. పంచభుజికి పన్నెండు వందల అరవై.

5:25. కుర్చీలోంచి ఎగిరి లేచింది. “తాతా! ప్రతిసారి నూట ఎనభై పెరుగుతాంది! రూల్ దొరికింది!”

నిజమే. పెరుగుతోంది. కానీ అది వేరే కోణాల రూలు. మునివాకిట్లో నిలబడి పెరడు కొలిచినట్లుంది. అయినా కొలత మాత్రం ఎంత శుద్ధంగా ఉంది! ఈ పిల్ల తప్పును కూడా తప్పు లేకుండా చేస్తుంది. నా మనుమరాలు!

నేను అన్న మాట యథాతథంగా: “అద్భుతం. కానీ...”

ఆ ‘కానీ’ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడానట. నాకు గుర్తులేదు. ‘మా కాలంలో’ ఒకసారి వచ్చిందట. పెన్సిలు నా చేతిలో ఉన్నట్లు సాక్షులున్నారు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

విద్య మొహం చూశాను. వింటున్నట్లే ఉంది. కానీ ఆమె వేళ్లు దుపట్టా కొస చుడుతున్నాయి. ఎనిమిదో తరగతి ‘బి’ సెక్షన్‌లో చివరి బెంచీ ముప్ఫై నాలుగేళ్లపాటు నా వైపు సరిగ్గా ఆ మొహంతోనే చూసింది.

గింజలు: 5.


ఫిబ్రవరి 6, గురువారం. నాల్గవ రోజు

ఉదయం 9:00. శాంతంగా ఆలోచించాను. తీర్మానంలో కొన్ని పదాలకు నిర్వచనం కొరవడింది. అవి:

సూచన జవాబు కాదు.
ఉదాహరణ సూచన కాదు.
జవాబును ప్రశ్నరూపంలో చెబితే అది ప్రశ్నే.

సాయంత్రం 5:05. “బాహ్యకోణం నూట ఇరవై అని నీకు అనిపించడం లేదా?” అని అడిగాను.

ఠంగ్.

“అది ప్రశ్న!” అని అరిచాను.

ఠంగ్.

“రెండోది ఎందుకు?”

“ఒర్రినందుకు,” అన్నది సుమిత్ర.

5:40. కూరగాయలు కోస్తున్న సీమతో, విద్యకు వినిపించేలా, ‘పొడిగించిన భుజం’ ప్రస్తావన తెచ్చాను. ఠంగ్.

గింజలు: 8.

పాఠం వేళ ఆపుకున్న మాటలు ఇతర వేళల్లో పొంగుతున్నాయి. పాలవాడి క్రియాపదం దిద్దాను. ఎవరిదో పెళ్లిపత్రికలో ఐదు తప్పులకు ఎర్రసిరా పెట్టి, పత్రిక ఇచ్చిన పెళ్లికొడుకు తండ్రికే తిరిగి ఇచ్చాను. ఆయన కృతజ్ఞత చెప్పలేదు. భోజనానికి రమ్మనడం కూడా మానేశాడు.


ఫిబ్రవరి 7, శుక్రవారం. ఐదవ రోజు

గింజలు: సున్నా! ఒక్కటంటే ఒక్కటి లేదు! సంకల్పబలం!

(విద్య, సీమ కలిసి బంధువుల ఇంట్లో శుభకార్యానికి ఔరాద్ వెళ్లారు. రాత్రి వస్తారు.)


ఫిబ్రవరి 8, శనివారం. ఆరవ రోజు

ఉదయం 7:15. గ్లాసు గడప మీద ఒంటరిగా ఉంది. ఇల్లంతా నిద్రలో ఉంది. మూడు గింజలు తీసి జేబులో వేసుకున్నాను. ఇది దొంగతనం కాదు. దగ్గు గింజ మీద అప్పీలు చేసుకునే హక్కు నాకుంది. తక్కిన రెండూ ఖర్చులు.

7:20. “ఎనిమిది ఉండాలె. అయిదే ఉన్నయి,” అన్నది సుమిత్ర, కళ్లు తెరవకుండానే.

తిరిగి వేశాను. అదనంగా ఒకటి జరిమానా. గింజలు: 9.

11:00. ఎండలు ముదురుతున్నాయి. మంచినీళ్ల రంజన్‌కు ఇనుప స్టాండు కావాలని సుమిత్ర వారం నుంచి అంటోంది. మా మట్టి రంజన్ రెండు బిందెల నీళ్లు పట్టేది. నేలమీద పెడితే చీమలు. “గుండ్రంగ ఒక రింగు, మూడు కాళ్లు. గంతే,” అన్నది.

గుండ్రంగానా? ప్రతి ఇంట్లోనూ ఉండే గుండ్రం శంకర్‌రావు ఇంట్లో ఎందుకు? అష్టభుజి! ఎనిమిది సమాన భుజాలు, ఒక్కొక్కటి ఏడు అంగుళాలు. విద్య రోజూ నీళ్లు ముంచుకునేటప్పుడు బహుభుజి కళ్లెదుటే ఉంటుంది. నేను నోరు విప్పకుండానే ఇనుము పాఠం చెబుతుంది. ఇంతకంటే మౌనబోధ ఏముంటుంది?

11:20. కొల్హార్‌లో రేకుల షెడ్డు పెట్టుకుని వెల్డింగు పని చేసే నవనాథ్‌కు ఫోను చేశాను. నా పూర్వవిద్యార్థి. పదో తరగతి గణితం మూడో సప్లిమెంటరీలో గట్టెక్కాడు. అతని పేపరు మీద నేను ఎర్రసిరాతో ఏమి రాశానో నాకు నేటికీ గుర్తే: ‘వినుట నేర్చుకొనుము.’

కొలతలు చెప్పాను. అష్టభుజి లోపలి కోణం నూట ముప్ఫై ఐదు. రెండు పైపులు కలిసే మూల కనుక చెరి సగం. ప్రతి కొసా అరవై ఏడున్నర డిగ్రీలకు కోయాలి.

“సార్, పైపు కోసే మిషన్ మీద గీతలు నలభై అయిదు దాంకనే ఉంటయి,” అన్నాడు.

“అయితే మిషను తప్పు.”

“గట్ల కాదు సార్. మా మిషన్ల నిటారు కోతకు సున్నా. ఆడికెల్లి ఎంత వాలిస్తె...”

“సున్నా ఎక్కడుంటే అక్కడి నుంచే లెక్కపెట్టు. అరవై ఏడున్నర! మిషను చాలకపోతే కోణమాని పెట్టి గీత గీసి, చేత్తో కోయి.”

“సార్, జర నా మాట...”

“నవనాథ్. నీకు గణితంలో ఎన్ని మార్కులు?”

“...సరే సార్.”

సాయంత్రం పాఠం లేదు. రేపు విద్యను కొల్హార్ తీసుకెళ్తాను. పాఠం అక్కడే.


ఫిబ్రవరి 9, ఆదివారం. ఏడవ రోజు

వరుస తప్పకుండా రాస్తాను. ఉపాధ్యాయుడు వాస్తవాలకు భయపడడు.

10:40. ఆటోలో కొల్హార్ చేరాం. షెడ్డులో నవనాథ్, ఇద్దరు పనివాళ్లు. నేలమీద ఎనిమిది పైపుముక్కలు, రెండు కొసలూ బల్లేల్లా కోసి ఉన్నాయి. ఏడు అంగుళాల పైపుకు అంత వాడి ఎందుకో అని ఒక్క క్షణం అనిపించింది. శాస్త్రం ప్రకారమే కోశారు కనుక ఆ అనుమానాన్ని అణచివేశాను.

11:05. “కానివ్వు,” అన్నాను.

11:12. మొదటి ముక్క, రెండవ ముక్క కొసలు కలిపి అతికారు. రెండో పైపు మొదటిదాని నుంచి పక్కకు తిరగవలసింది పోయి, దాదాపు వెనక్కే తిరిగి వచ్చింది.

11:18. మూడవ ముక్క అతకబోయారు. అది తిన్నగా వచ్చి మొదటి ముక్క కడుపులో పొడిచింది.

అందరూ నా వైపు చూశారు.

“సార్,” అన్నాడు నవనాథ్, ఎంతో వినయంగా, “గిది రంజన్ స్టాండ్ అయితలేదు. త్రిశూలం అయితాంది.”

11:20 నుంచి 11:34 వరకు నేను ఒక్క మాట మాట్లాడలేదు. తీర్మానం వల్ల కాదు. మాటలు లేక.

ఆ పద్నాలుగు నిమిషాల్లో జరిగింది చూసినది చూసినట్లు రాస్తున్నాను.

విద్య మిషను దగ్గరకు వెళ్లింది. “అంకుల్, నిటారు కోసిన రెండు పైపులు కలిపితే ఏమైతది?”

“ఏమైతది బేటా, సీదా ఒక్కటే పొడుగు పైపు అయితది.”

“మిషన్ మీద సున్నా?”

“సున్నానే.”

“అంటే సున్నా అంటే తిరగదు. సీదా పోతది.” నేలమీది సుద్దముక్క తీసుకుంది. షెడ్డు నేల మీద పెద్ద అష్టభుజి గీసింది. మొదటి గీత మీద నడిచింది. మూల వచ్చింది. ఆగింది. “సీదా పోతే గోడకు తాకుత. జర తిరగాలె.” కొంచెం తిరిగింది. మళ్లీ నడిచింది. మళ్లీ తిరిగింది. ఒక పనివాడు బీడీ ఆర్పేసి చూస్తున్నాడు.

ఎనిమిదో మూల దగ్గర తిరిగి, మొదలుపెట్టిన చోట, మొదట చూసిన వైపే చూస్తూ నిలబడింది. కదలలేదు. ఆ ముఖాన్ని నేను వర్ణించలేను. వర్ణించగలను, కానీ నేడు విశేషణాల మీద ఆసక్తి లేదు.

“ఒక్క చుట్టే తిరిగిన,” అన్నది మెల్లగా. “ఎనిమిది సార్లు జర్ర జర్ర తిరిగితే మొత్తం ఒక్క చుట్టు. మూడు వందల అరవై. బై ఎనిమిది... నలభై అయిదు. మూలకు రెండు పైపులు. ఒక్కోదానికి ఇరవై రెండున్నర!”

“గంతే బేటా,” అన్నాడు నవనాథ్. “మేం రోజూ గదే పెడ్తం.”

విద్య వేళ్లు మడుస్తోంది. “త్రిభుజమైతే మూడు మలుపులు. నూట ఇరవై, నూట ఇరవై, నూట ఇరవై. గదీ ఒక్క చుట్టే! ఎన్ని మూలలైనా ఒక్క చుట్టే!” అని ఆగింది. “తాతా, నేను మూడొందలు అంటి గదా? మూల మూలకు అంత తిరిగితే కండ్లు తిరిగి పడిపోత.”

11:34. నేను నవనాథ్ వైపు తిరిగాను. “ఇరవై రెండున్నర అని నీకు ముందే తెలుసా?”

“తెలుసు సార్.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

అతడు చేతి తొడుగులు విప్పుకున్నాడు. “చెప్పనిస్తిరా సార్?”

11:35. ఇక్కడ నేను ఆగి ఉండవలసింది.

ఆగలేదు. బాహ్యకోణాల మొత్తం మూడు వందల అరవై ఎందుకో విద్య అప్పుడే చెప్పిన విషయాన్ని విద్యకే మొదటి నుంచి వివరించాను. తర్వాత నవనాథ్‌కు. తర్వాత ఇద్దరు పనివాళ్లకు. తర్వాత బయట నిరీక్షిస్తున్న ఆటో అతనికి. నిర్వచనం, ఉపపత్తి, ప్రత్యేక సందర్భాలు, నలభై నిమిషాలు. మా కాలంలో అన్నాను. మళ్లీ అన్నాను.

చింతగింజలు ఇంట్లో ఉన్నాయి కనుక రక్షించబడ్డానని అనుకున్నాను. విద్య నేలమీది ఇనుప నట్లు ఏరి టీ గ్లాసులో వేసింది. చింతగింజ కంటే శబ్దం గట్టి.

మొత్తం: 9 + 22 = 31.


ఫిబ్రవరి 10, సోమవారం. ఎనిమిదవ రోజు

నిన్నటి ఘటనపై స్పష్టీకరణ.

అరవై ఏడున్నర అనే సంఖ్య తప్పు కాదు. పైపు పొడవు వెంబడి కొలిస్తే సరిగ్గా అంతే. సున్నా వేరేచోట ఉంది, అంతే. నా సంఖ్య ఒప్పు, సున్నా తప్పు.

దీన్ని ఉదయం సుమిత్రకు చదివి వినిపించాను.

“సున్నా ఏడున్నదో ఆ పోరడు ఫోన్ల జెప్పలేదా?”

“చెప్పబోయాడు.”

“మరి?”

టీ చల్లారిపోతోందన్నాను.

నవనాథ్ కొత్త పైపు తీసుకుని, మిషన్ను ఇరవై రెండున్నర దగ్గర పెట్టి, పదిహేను నిమిషాల్లో స్టాండు చేసి పంపాడు. మూలలు ఎంత బిగువుగా కలిశాయంటే, మధ్య వెంట్రుక పట్టదు. వెంట్రుకతో చూశాను. పాత రెండు ముక్కలూ కూడా పంపాడు, అతికినవి అతికినట్లే. వాటిని సుమిత్ర మేడమీద కోతులను బెదిరించడానికి వాడుతోంది. కోతులు గౌరవిస్తున్నాయి.

సాయంత్రం 5:00. కుర్చీలో కూర్చున్నాను. విద్య రాలేదు. తన గదిలో తానే లెక్కలు చేసుకుంటోంది. తలుపు దగ్గరకు వెళ్లాను. పొంచి చూశాను. షడ్భుజికి ప్రతి భుజాన్నీ ముందుకు పొడిగించి గీసింది. పొడిగించింది! నేను చెప్పకుండానే!

చెబుదామని నోరు తెరిచాను. చెప్పడానికి ఏమీ లేదు. మూశాను.

ఐదు నుంచి ఆరు వరకు గంట ఎంత ఖాళీగా ఉంటుందో నేడు తెలిసింది.


ఫిబ్రవరి 11, మంగళవారం. తొమ్మిదవ రోజు

రాయడానికి ఏమీ లేదు.

(రాస్తే తీర్మానం ఏమైందో రాయాలి.)


ఫిబ్రవరి 12, బుధవారం. పదవ రోజు

ఉదయం 8:30. విద్య పరీక్షకు వెళ్లింది. ద్వారం దగ్గర ‘అంతా గుర్తుంది కదా’ అని అడగబోయి, రంజన్ మూత సరిచేశాను.

సాయంత్రం 6:00. సీమ గ్లాసును బల్లమీద బోర్లించి లెక్కపెట్టింది. ఇనుప నట్లు ఇరవై రెండు, చింతగింజలు పంతొమ్మిది. నా లెక్క కంటే పది ఎక్కువ.

“ఇవెక్కడివి?”

“నిదుర్ల జెప్పినయి,” అన్నది సుమిత్ర. “పొడిగించు, పొడిగించు అని కలవరిస్తివి. ఎంత పొడిగించాల్నో ఏమో, దుప్పటి మొత్తం నీ దిక్కే పాయె.”

“నలభై ఒకటి మామా,” అన్నది సీమ. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధించింది. “పది అనుకున్నం. సోమవారం సంది ట్యూషన్‌కు పంపుత.”

న్యాయమే. మాట మాటే. ఒక గంట సేపు డాబా మీద పచార్లు చేశాను. నాలుగు మూలలూ తిరిగాను. ప్రతి మూలలో తొంభై. ఎన్నిసార్లు తిరిగినా మెట్ల దగ్గరికే వచ్చాను.


ఫిబ్రవరి 14, శుక్రవారం

సాయంత్రం 4:40. ఇరవైకి పద్దెనిమిది!!

రెండు ఆశ్చర్యార్థకాలు వ్యాకరణసమ్మతం కాదు. అయినా ఉంచుతున్నాను.

బహుభుజి బాహ్యకోణాల మొత్తం ఎందుకు మూడు వందల అరవై అన్న ప్రశ్నకు విద్య సూత్రం రాయలేదట. ‘మూలమూలకు కొంచెం తిరుగుతూ పోతే చివరికి ఒక్క చుట్టు తిరిగి మొదట చూసినవైపే నిలబడతాం కాబట్టి’ అని రాసి, అష్టభుజి మీద నడిచే చిన్న అమ్మాయి బొమ్మ గీసిందట. టీచరు ఆ జవాబును తరగతికి చదివి వినిపించిందట.

“ఎవరు జెప్పిండ్రు అని అడిగింది టీచరమ్మ,” అన్నది విద్య.

నేను కండువా సవరించుకున్నాను.

“నవనాథ్ అంకుల్ మిషన్ అన్న.”

కండువాను యథాస్థానానికి దించాను.

“ఇంక తాత నోరు మూసుకున్నప్పుడు అర్థమైంది అన్న. క్లాసంత నవ్విండ్రు.”

5:30. సీమ ట్యూషను సంగతి ఎత్తింది. విద్య గ్లాసు దగ్గర కూర్చుని గింజలతో షడ్భుజి పేరుస్తోంది. తల ఎత్తకుండా అన్నది:

“మమ్మీ, తాత ఫెయిల్ అయిండు. గది నిజమే. కని ఫెయిల్ అయినోళ్లకు సప్లిమెంటరీ ఉంటది గదా? నవనాథ్ అంకుల్‌కు మూడుసార్లు ఇచ్చిండ్రంట.”

సీమ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఎన్ని దినాలు?”

“పది. వృత్తాల పాఠం. గింజలు పదే. కొల్హార్ దిక్కు పోతే నట్లు కూడ లెక్కనే.”

“పాస్ కాకపోతే?”

“ట్యూషన్,” అన్నది విద్య. “తాతను కూడ పంపుదం. ఎన్క బెంచీల కూసుంటడు.”

ఈ సంభాషణ అంతా నా ఎదుటే జరిగింది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగకపోవడం మంచిదే అయింది. లేచి వెళ్లి లవంగాల డబ్బా వెతికాను.


ఫిబ్రవరి 16, ఆదివారం. మొదటి రోజు (సప్లిమెంటరీ)

ఉదయం 5:30. అద్భుతమైన ఉత్సాహం. గ్లాసు ఖాళీ. నోట్లో రెండు లవంగాలు.

డైరీ తెరిస్తే ఈ పేజీ మీద ఎర్రసిరాతో, విద్య చేతిరాతలో ఇలా ఉంది: ‘శంకర్‌రావు, రోల్ నంబరు 1. వినుట నేర్చుకొనుము.’ నవనాథ్ చెప్పి ఉంటాడు. దిద్దడానికి ఒక్క తప్పు దొరకలేదు. మూడుసార్లు చూశాను.

సుమిత్ర టీ తెచ్చి, పేజీ చదివి, “ఎన్ని మూలలు తిరిగినా ఆడికే వస్తివి గదా సారూ,” అన్నది. నేను ప్రత్యుత్తరమివ్వలేదు. శ్రద్ధగా గమనించగలరు: ఇవ్వలేదు.

సాయంత్రం 5:00. విద్య రంజన్ స్టాండు అంచు చుట్టూ వేలు జరుపుతూ అడిగింది: “తాతా, మూలలు ఎక్కువైన కొద్ది మలుపు చిన్నగ అయితది. ఎనిమిదికి నలభై అయిదు. ముప్ఫై ఆరు మూలలకు పది. గట్ల చిన్నగ అయ్యి అయ్యి... వృత్తానికి ఎన్ని మూలలు?”

ఓహో! ఈ ప్రశ్న కోసం నేను ముప్ఫై నాలుగేళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డాను. ఒక్కరూ అడగలేదు.

5:02. లవంగం.

5:06. రెండో లవంగం.

5:15. విద్య సుద్దతో గీస్తోంది. చెరిపేస్తోంది. మళ్లీ గీస్తోంది. నేను చేతుల మీద కూర్చున్నాను.

5:31. “మూలలు లేవు అనలేం,” అన్నది తనలో తాను. “అడుగడుగున తిరుగుతనే ఉంటం. ఆగేదే లేదు. గందుకే మూల కనపడది.”

చప్పట్లు కొట్టలేదు. దగ్గలేదు. తల మాత్రం ఊపాను. తల ఊపితే గింజ లేదని ముందే రాయించుకున్నాను.

6:00. గింజలు: సున్నా. నిజమైన సున్నా. ఇల్లంతా నిశ్శబ్దం. వంటింట్లోంచి సుమిత్ర పరుగున వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టింది.

“ఏమాయెనయ్యా? గంటసేపు గొంతు ఇనపడకపాయె. పానం మంచిగున్నదా?”

నా ఆరోగ్యం దివ్యంగా ఉందన్నాను. మౌనం అనారోగ్యం కాదని, బోధనాపద్ధతుల్లో అది సర్వోత్తమమైనదని, అందులో మూడు రకాలున్నాయని, మొదటి రకం ఉపాధ్యాయునికి జవాబు తెలిసినప్పటిదని, రెండవది తెలియనప్పటిదని, ఈ భేదాన్ని మా కాలంలో...

ఠంగ్. ఠంగ్.